కిలిమంజారో దక్షిణాఫ్రికాలో లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మన కుర్రాడు కిలిమంజారో ఎక్కిన వార్త చూసి చాలా సంతోషించాను. అయితే ఆ శిఖరం దక్షిణాఫ్రికాలో ఉందని రాశారు. సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను. ఇంతవరకు వేయలేదు.

కిలిమంజారో ఉన్నది టాంజానియాలో, కెన్యా సరిహద్దు పక్కన. భూమధ్యరేఖకు మూడు డిగ్రీలే దక్షిణాన. అక్కడి నుంచి దక్షిణాఫ్రికా చేరాలంటే మధ్యలో వేరే దేశాలు దాటాలి. 'పర్వత శ్రేణిలోని శిఖరం' అన్నదీ తప్పే. హిమాలయాల్లాగా అది వరుస కొండల్లో ఒకటి కాదు, మైదానం మీద ఒంటరిగా లేచిన అగ్నిపర్వతం. కిబో, మవెంజి, షిరా అని అందులో మూడు భాగాలు. మవెంజి, షిరా ఎప్పుడో చల్లారిపోయాయి, కిబో మాత్రం నిద్రపోతోంది. 5,895 మీటర్ల ఎత్తున్న ఉహురు శిఖరం ఈ కిబో అంచు మీదే ఉంది. కింద కాఫీ, అరటి తోటలు, ఆపైన దట్టమైన అడవి, ఇంకా పైకి పోతే గడ్డి కూడా మొలవని రాళ్ల నేల, చివరికి మంచు. 1912తో పోలిస్తే ఆ మంచులో ఎనభై శాతానికి పైగా కరిగిపోయింది. ఇంత సంగతి ఉన్న కొండ గురించి రాసిన నాలుగు వాక్యాల్లో రెండు తప్పులా?

మా చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ ఇంకా ఘోరం. అబ్బాయి ఫొటో వెనక రంగు జెండాల తోరణాలతో ఎవరెస్టు బొమ్మ! శాలువాలు కప్పి ఫొటోలు దిగిన నాయకుల్లో, అధికారుల్లో ఒక్కరికీ అది కనిపించలేదు. మా లైబ్రరీ అట్లాసులో ఆఫ్రికా పేజీ సగం చిరిగి, టేపు వేసిన చోట టాంజానియా పేరే కనపడదు. కొత్తది కొనమంటే బడ్జెట్ లేదంటారు. ఫ్లెక్సీలకు మాత్రం డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయో! అదే లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు మీ పేపర్ చూసి నోట్స్ రాసుకుంటారు. రేపు పరీక్షలో ఈ ప్రశ్న వచ్చి మార్కు పోతే ఎవరిని అడగాలి?

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ కొండలెక్కడం నేర్చుకున్నది ఉమ్మడి నల్గొండలోని మన భువనగిరి గుట్ట మీదనే. అలాంటి జిల్లా పేజీలో ఇట్లాంటి తప్పు రావడం నాకు నిజంగా బాధగా ఉంది. సవరణ ఏదో మూలన చిన్న అక్షరాల్లో కాకుండా, వార్త వచ్చిన చోటే ఆఫ్రికా మ్యాపుతో సహా వేయండి. ఆ అబ్బాయి ఎంత దూరం పోయి ఎంత ఎత్తు ఎక్కాడో కూడా సరిగ్గా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మిర్యాలగూడ