హిల్ అసిస్ట్ పట్టుకునేది రెండు సెకన్లే

సంపాదకులకు,

సంక్రాంతి అయిపోయింది, పండక్కి వచ్చిన కార్లు హైదరాబాద్ దారి పట్టాయి. కాలువ పక్క రోడ్ల మీద టైర్ల నల్లచారలు మాత్రం మిగిలాయి. ఎక్కువ పవరున్న కార్లలో, ఆగి ఉన్న బండిని ఒక్కసారిగా పూర్తి బలంతో ముందుకు దూకించే లాంచ్ కంట్రోల్ అని ఒకటి, వాలు మీద బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టుకునే హిల్ స్టార్ట్ అసిస్ట్ అని ఒకటి ఉంటాయి. మొదటిదాన్ని మన రోడ్ల మీద వాడకూడదు, వాడుతున్నారు. రెండోది రోజూ అవసరం, అయినా గోదావరి డెల్టాలో కొండలెక్కడున్నాయని దాని సంగతి ఎవరూ తెలుసుకోవడం లేదు.

కొండలు లేకపోతేనేం, గట్లు ఉన్నాయి. ఏటిగట్టు ఎక్కే ర్యాంపులు, కాలువ వంతెనలకు రెండు వైపులా వాలు, రైలు గేటు దగ్గర ఎత్తు, నరసాపురం, సఖినేటిపల్లి రేవుల్లో పంటు (బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) దిగి పైకి రావలసిన దారి. వీటన్నిటి మీదా బండి ఆగుతుంది, మళ్లీ కదలాలి. వెనక ఇంకో బండి అంటుకునే ఉంటుంది.

హిల్ స్టార్ట్ అసిస్ట్ చేసే పని చిన్నది. కారు వాలు మీద ఉందని సెన్సార్ చెబితే, బ్రేకు మీద నుంచి కాలు తీశాక కూడా బ్రేకు ఒత్తిడిని ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) యూనిట్‌లోని వాల్వులు కాసేపు పట్టి ఉంచుతాయి. ఎంతసేపు? చాలా కార్లలో సుమారు రెండు సెకన్లు. ఈలోగా ఇంజిన్ లాగే బలం సరిపడా అందితే వదిలేస్తుంది. అందకపోయినా వదిలేస్తుంది! ఈ రెండో ముక్కే చాలామందికి తెలియదు. ఆటో హోల్డ్ వేరు. అది యాక్సిలరేటర్ తొక్కేదాకా పట్టుకుంటుంది, కానీ దాని బటన్ నొక్కి ఉండాలి. డాష్‌బోర్డు మీద ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థ) లోపం లైటు వెలుగుతుంటే ఈ రెంటినీ నమ్ముకోకూడదు.

పది అడుగుల దూరానికి ఒక అడుగు లేచే ర్యాంపు మీద బ్రేకు వదిలిన కారు మొదటి సెకనులో దాదాపు అడుగున్నర వెనక్కి వస్తుంది. రెండో సెకను పూర్తయ్యేసరికి ఐదడుగులు దాటుతుంది. గేటు దగ్గర మనవాళ్లు వదిలే ఖాళీ రెండడుగులుంటే గొప్ప. ఆ ఖాళీలో కొబ్బరికాయల బస్తాతో మోపెడ్ దూరి ఉంటుంది.

డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునేది) ఉన్న కార్లతో ఇంకో చిక్కు. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది కాబట్టి డీ (డ్రైవ్)లో పెట్టి బ్రేకు వదిలితే చిన్న వాలు మీద బండి తనే కాస్త పాకుతుంది. డ్యూయల్ క్లచ్‌లో ఆ పాకుడు బలహీనం. అందుకని కొందరు బ్రేకు వదిలేసి, యాక్సిలరేటర్‌ను కొద్దిగా తొక్కి పెట్టి కారును వాలు మీద నిలబెడతారు. క్లచ్ ప్లేట్లు ఆ సేపంతా ఒరుసుకుంటూనే ఉంటాయి. నూనెలో తడవని డ్రై క్లచ్ అయితే మరీ త్వరగా వేడెక్కుతుంది. ముందు కుదుపు, తర్వాత వాసన, ఆ తర్వాత గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక. పెద్ద బిల్లులకు దారి ఇదే.

పద్ధతి ఇది. ముందు బండి ర్యాంపు పూర్తిగా ఎక్కేదాకా కదలకండి. బ్రేకు గట్టిగా తొక్కి ఉంచండి. చాలా కార్లలో అసిస్ట్ పట్టి ఉంచేది మీరిచ్చిన ఒత్తిడినే, లీలగా తొక్కితే లీలగానే పట్టుకుంటుంది. స్పోర్ట్ మోడ్ తీసేసి నార్మల్‌లో పెట్టండి, లేకపోతే కొద్దిగా తొక్కినా బండి ముందుకు ఎగురుతుంది. కాలు తీశాక ఒక సెకనులోపే యాక్సిలరేటర్ అందుకోవాలి. గేర్లు వేసే కారైతే పాత పద్ధతే మేలు: హ్యాండ్‌బ్రేకు లాగి, క్లచ్ మెల్లగా వదులుతూ ఇంజిన్ గొంతు మారి బానెట్ కొంచెం లేచినప్పుడు హ్యాండ్‌బ్రేకు దించాలి. ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించడం లైసెన్సు పరీక్షలో ఉన్నదే.

రేవు దగ్గర మాత్రం ఏ అసిస్టూ చాలదు. సముద్రపు పాటు వేళ ఏట్లో నీరు తగ్గాక వాలు మీద ఒండ్రు పరుచుకుని ఉంటుంది. అసిస్ట్ పట్టుకునేది చక్రాన్ని, కారును కాదు. చక్రం బిగుసుకునే ఉంటుంది, బండి మాత్రం దానితో సహా జారుతుంది.

ఇక లాంచ్ కంట్రోల్. ఇంజిన్, గేర్‌బాక్స్ నూనె బాగా వేడెక్కాక, కంపెనీ పుస్తకం చెప్పినట్టు స్పోర్ట్ మోడ్, ఈఎస్‌సీ స్పోర్ట్ పెట్టి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, ఎడమ కాలితో బ్రేకు పూర్తిగా, కుడి కాలితో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఇంజిన్ ఒక వేగం దగ్గర స్థిరపడుతుంది. కొద్ది సెకన్లలో బ్రేకు ఒక్కసారి వదిలేయాలి. ఒకసారి చేశాక గేర్‌బాక్స్ చల్లారనివ్వాలి. వరసగా చేస్తే క్లచ్, డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్లు, ఇంజిన్ మౌంట్లు దెబ్బతింటాయి. ఎన్నిసార్లు చేశారో కొన్ని కార్ల కంప్యూటర్ లెక్క కూడా రాసుకుంటుంది. వారంటీ అడగబోయే కుర్రాళ్లు గుర్తుంచుకోవాలి.

ఇదంతా పొడి ట్రాకు మీది మాట. సంక్రాంతి వేళ మన రోడ్డు ఎలా ఉంటుంది? దాళ్వా (రెండో పంట) వరికి దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ చక్రాల బురద, రొయ్యల లారీల నుంచి కారిన ఐసు నీళ్లు. సార్వా (తొలి పంట) కోతలప్పుడైతే రోడ్డు సగం ధాన్యం ఆరబోతే. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ కారునే తీసుకోండి, పవరు 265 పీఎస్, తిప్పే బలం (టార్క్) 370 న్యూటన్ మీటర్లు, అంతా ముందు చక్రాలకే. బండి ఎగిరినప్పుడు బరువు వెనక్కి పోయి ముందు టైర్ల పట్టు తగ్గుతుంది. ఎడమ టైరు బురద మీద, కుడి టైరు తారు మీద ఉంటే డిఫరెన్షియల్ లాక్ (రెండు చక్రాలకూ బలాన్ని పంచేది) బలాన్ని పట్టున్న కుడివైపుకు పంపుతుంది. కుడి చక్రం తోస్తుంటే కారు ముక్కు ఎడమకు, అంటే జారే వైపుకే తిరుగుతుంది. ఆ వైపు ఉన్నది కాలువ.

అది జరగకపోయినా లెక్క చూడండి. ఆరు సెకన్లలో గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకునే కారు ఆ లోపే 80 మీటర్లకు పైగా పోతుంది. బ్రేకు మీదికి కాలు రావడానికి ఒక సెకను, అంటే 28 మీటర్లు. ఆగడానికి పొడి రోడ్డు మీదే మరో 40. మొత్తం 150 మీటర్లు. అంత దూరం మలుపు, కల్వర్టు, గేదె లేని గట్టు రోడ్డు ఎక్కడుంది? వెడల్పు చూస్తే చాలాచోట్ల ఒక లారీ పట్టేంతే.

ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద వేగపు పోటీ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సరదా అంతగా ఉంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది.

పోలీసులు పండగ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గరే కాకుండా కాలువ రోడ్ల మీద కూడా కనబడాలి. ర్యాంపులు, రైలు గేట్ల ముందు, వాలు మొదలయ్యే చోట ఆర్ అండ్ బీ వాళ్లు ఒక తెల్ల గీత గీసి, ముందు బండి ఎక్కేదాకా ఇక్కడే ఆగాలని బోర్డు పెట్టాలి. రేవు వాలు మీద ఒండ్రును ప్రతి పాటు తర్వాతా కడిగించాలి. పంటు సిబ్బంది ఒక కారు గట్టు మీదికి చేరాకే రెండోదాన్ని వదలాలి, దీనికైతే పైసా ఖర్చు లేదు.

— ఇద్దరు కారు మెకానిక్‌లు, పాలకొల్లు