2021 సంక్రాంతి బండ్ల గురించి, మీ అడ్వాన్సుల గురించి

నమస్కారం. హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీలో మా ట్రావెల్స్ మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మీలో చాలామంది గోదావరి జిల్లాల వాళ్లే, ఏటా సంక్రాంతికి నా బండ్లలోనే ఊరెళ్తున్నారు. వారం నుంచి రోజుకి పాతిక ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకంటే ఉన్నదున్నట్టు అందరికీ ఒకేసారి రాస్తున్నాను. రేట్లూ చెబుతాను, మీకు ఇవ్వాల్సిన బాకీ గురించీ చెబుతాను. కానీ ముందు కార్తీకంలో జరిగిన సంగతి చెప్పాలి. ఈసారి పద్ధతి మార్చింది దానివల్లే.

తణుకు దగ్గర ఒక ఊళ్లో గృహప్రవేశానికి ఒక కుటుంబం మా పన్నెండు సీట్ల టెంపో మాట్లాడుకుంది. 2020 నవంబరు 2న రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీల ఒప్పందం కుదిరి, కరోనాతో ఆగిన బస్సులు మళ్లీ మొదలయ్యాయి గానీ, ముసలాయన్ని తీసుకుని బస్సెక్కడానికి వాళ్లకి ధైర్యం చాల్లేదు. రాత్రి పదింటికి బయల్దేరారు. చౌటుప్పల్ దాటాక, వెనక సీట్లో తాతగారు శాలువా కప్పుకుని దగ్గుతున్నారని మా డ్రైవరు అద్దంలో చూశాడు. సూర్యాపేటలో టీకి ఆపితే ఆయన దిగలేదు. కోడలు గ్లాసుతో వేడినీళ్లు తీసుకెళ్లి మాత్ర వేయించింది. "ఆయనకి ఏసీ పడదు, అంతే" అన్నారు. డ్రైవరు ఏసీ కట్టేసి, అద్దాలు దించి నడిపాడు. తిరిగొచ్చిన ఐదో రోజున డ్రైవరుకి జ్వరం. కరోనా టెస్టు చేయిస్తే పాజిటివ్. మరో మూడు రోజులకి వాళ్లమ్మకీ వచ్చింది. ఆవిడ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చారు. ఇప్పటికీ రెండు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు.

ఆ కుటుంబం మీద నాకు కోపం లేదు. విషయం తెలిశాక ఆ ఇంటి పెద్దాయన నాకు ఫోన్ చేసి ఏడ్చారు. "బయల్దేరే రోజు పొద్దున్నే నాన్నగారికి ఒళ్లు వెచ్చబడిందండీ. మానేద్దామనే అనుకున్నాం. రసీదు తీసి చూస్తే అడ్వాన్సు వెనక్కి రాదని ఉంది. ఎనిమిది వేలు కదా అని..." అన్నారు.

రసీదు మీద ఆ ముద్ర కొట్టింది నేనే. ఎర్ర ఇంకుతో "అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు" అని. మామూలు రోజుల్లో అది లేకపోతే మాకు గడవదు. ఒకే ముహూర్తానికి నలుగురు అడుగుతారు, ఒకరికి మాటిచ్చి ముగ్గుర్ని వదులుకుంటాం. ఆ ఒక్కరూ ఆఖర్న వద్దంటే బండి ఇంటి ముందే నిలబడుతుంది. కానీ కరోనా వచ్చాక కూడా అదే ముద్ర కొట్టుకుంటూ పోయాను చూడండి, అది నా తప్పు. జ్వరం ఉందని చెబితే డబ్బు పోతుందన్నప్పుడు ఎవరైనా నోరు విప్పుతారా? డ్రైవరుకీ వాళ్లమ్మకీ అయిన ఆసుపత్రి ఖర్చు నేనే కట్టాను. కట్టాల్సింది నేనే.

ఆ డ్రైవరు మీలో చాలామందికి తెలుసు. జూన్‌లో రాజోలు వైపు ఒక పెళ్లికి వెళ్లాడు. ఆంధ్రాలోకి వెళ్లడానికి అప్పట్లో ఇచ్చిన స్పందన పాసు కాగితం అద్దానికి అంటించుకుని, రాష్ట్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడి, పెళ్లికొడుకుని ముహూర్తం వేళకి దించాడు. అప్పుడు పెళ్లికి యాభై మందికి మించకూడదు కాబట్టి మియాపూర్‌లో ఉన్న మేనత్త వెళ్లలేకపోయింది. ఆవిడ చూడాలని తలంబ్రాలయ్యేదాకా ఇతనే వీడియో కాల్ పెట్టి ఫోను పట్టుకుని నిలబడ్డాడు. బియ్యం గింజలు ఫోను మీద కూడా పడ్డాయని వచ్చి చెప్పాడు. అలాంటి మనిషిని రోగం ఉన్న బండిలో కూర్చోబెట్టి పంపానే అని నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఆ ముద్ర తీసి పారేశాను. ఈ సంక్రాంతికి మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమో దగ్గో ఉంటే, వాసన తెలియకపోతే, బండి మీ గుమ్మం ముందుకొచ్చాక చెప్పినా సరే, అడ్వాన్సు మొత్తం అదే రోజు ఫోన్‌పేలో వెనక్కి వేస్తాను. టెస్టు కాగితం అడగను. మీ మాట చాలు. ఊళ్లో మీకోసం ఎదురుచూస్తున్నది అమ్మమ్మలూ తాతయ్యలూ అన్నది మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మార్పు. పండగ రద్దీలో రెండు కుటుంబాల్ని ఒకే టెంపోలో కలిపి పంపేవాళ్లం, మనిషికి ఇంతని తీసుకునేవాళ్లం. ఈసారి అది లేదు. బండికి ఒకే కుటుంబం, పన్నెండు సీట్లలో ఎనిమిది మందే. "పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం" అని అడగొద్దు, కాదనడం నాకూ కష్టంగా ఉంటుంది. ఏసీ వేయం, చలికి దుప్పట్లు మీవే తెచ్చుకోండి. డ్రైవరు మాస్కు తీయడు, మీరూ తీయకండి.

రేటు విషయం. టెంపోకి కిలోమీటరుకి 20 రూపాయలు ఉండేది, 23 చేశాను. డ్రైవరు బత్తా, టోల్ విడిగా. 2020 చివరికి డీజిల్ లీటరు ఎనభై దాటింది, అందులో కొంత దానికి పోతుంది. మిగతాది ఆఖరి నిమిషంలో ఆగిపోయిన బండ్ల నష్టానికి. అంటే బాగున్నవాళ్లు బాగాలేనివాళ్ల కోసం కొంచెం ఎక్కువ ఇస్తున్నారు. ఇది మీకు చెప్పి తీసుకోవడమే న్యాయమనిపించింది. ఎక్కువ అనిపిస్తే ఆర్టీసీ బస్సులున్నాయి, నేనేమీ అనుకోను.

ఇక పాత అడ్వాన్సులు. 2020 మార్చి 25న, సరిగ్గా ఉగాది నాడు, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్, మే పెళ్లిళ్లకి నా దగ్గర 31 బుకింగులు ఉన్నాయి. ఆ అడ్వాన్సులు అప్పటికే టైర్లకీ ఇన్సూరెన్సుకీ ఖర్చయిపోయాయి. మీరు ఫోన్లు చేస్తుంటే ఏం చెప్పాలో తెలియక కొన్నాళ్లు ఎత్తలేదు. అందుకు క్షమించండి. బ్యాంకు వాయిదాలు ఆగస్టు 31 దాకా ఆపుకోవచ్చన్నారు గానీ వడ్డీ ఆగలేదు. సెప్టెంబరులో ఒక ఇన్నోవా అమ్మేసి 19 కుటుంబాలకి తిరిగిచ్చాను. ఐదుగురు తర్వాతి ప్రయాణాల్లో సర్దుకున్నారు. ఇంకా ఏడు కుటుంబాలకి 96 వేలు ఇవ్వాలి. అందులో ఒకరు, పెళ్లి పద్దెనిమిది మందితో ఇంట్లోనే చేసేశామని, డబ్బు తర్వాత చూద్దామని చెప్పి నా ఆరోగ్యం అడిగి ఫోన్ పెట్టేశారు. ఆవిడకి ముందు ఇస్తాను. ఈ సంక్రాంతి రాబడి ముందు ఈ ఏడుగురిదే, ఆ తర్వాతే బ్యాంకు వాయిదా. జనవరి నెలాఖరుకి అందరికీ చేరుతుంది. ఆ ఏడుగురికీ పేరుపేరునా నేనే ఫోన్ చేస్తున్నాను.

జనవరి 13న భోగి. 11 రాత్రికి ఒక టెంపో, 12 తెల్లవారుజామున ఒక టెంపో, ఒక ఎర్టిగా ఖాళీ ఉన్నాయి. తిరుగు ప్రయాణం కనుమ మర్నాడు, 16న. కనుమ నాడు బయల్దేరమని మా డ్రైవర్లని అడగను. ఫాస్టాగ్ అన్ని బండ్లకీ తీసుకున్నాను, పంతంగి టోల్‌గేటు దగ్గర ఆగక్కర్లేదు. ఎర్టిగా నడిపేది ఆ డ్రైవరే. ఈ నెల మొదట్లో మళ్లీ పనిలోకొచ్చాడు. వాళ్లమ్మని ఎలా ఉన్నారని ఎక్కగానే ఒక మాట అడగండి, సంతోషిస్తాడు.