ఇది ప్రైవేటు వ్యవహారమా? ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారాలు. వడ్డీ చెల్లించడం ఆపేసిన ఒక విదేశీ ప్రభుత్వపు బాండ్లు కొన్న మాలాంటి చిన్న మదుపరుల గురించి ఇది నా నాలుగో విన్నపం. మొదటి మూడింటికీ మీ కార్యాలయం నుంచి ఒకే వాక్యం వచ్చింది: "ఇది మదుపరులకు, సదరు విదేశీ ప్రభుత్వానికి మధ్య గల ప్రైవేటు వ్యవహారం." మూడు జవాబులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. తేదీ, ఫైలు నంబరు తప్ప ఒక్క అక్షరమూ మారలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాను.

ప్రైవేటు వ్యవహారమే అయితే, ఆ దేశంతో అప్పుల సర్దుబాటుకు మీ అధికారులు పెట్టిన సంతకం మా చేతులు ఎందుకు కట్టేస్తోంది? అప్పులిచ్చిన ప్రభుత్వాల బృందమైన పారిస్ క్లబ్ నియమం మీకు తెలియనిది కాదు. మీరు ఎంత రాయితీ ఇస్తారో, దానికి తగ్గ రాయితీని మిగతా రుణదాతల నుంచి కూడా రాబట్టాలని అప్పు తీసుకున్న దేశానికి షరతు పెడతారు. అంటే ఖజానాకు ఎంత పోవాలో తేల్చిన గదిలోనే మాకు ఎంత పోవాలో కూడా దాదాపు తేలిపోతోంది. ఆ గదిలోకి మమ్మల్ని ఎవరూ పిలవలేదు. బయటికి వచ్చాకైనా ఒక్క మాట చెప్పలేదు.

పదవీ విరమణ సొమ్ములో సగం ఆ బాండ్లలో పెట్టాను. "ప్రభుత్వ పత్రమండీ, ప్రభుత్వం ఎక్కడికి పోతుంది?" అన్నారు అమ్మినవారు. నమ్మాను. ఇప్పటికీ ఖాతా వివరాల కాగితంలో ఆ బాండు పేరు వస్తూనే ఉంది, ఎదురుగా వడ్డీ గడి ఖాళీ. కాగితం వచ్చిన రోజు నా భార్య ఆ వరుస వెంట వేలు పెట్టి చివరిదాకా చూస్తుంది. ఏమీ అనదు. మడిచి నా చేతికి ఇస్తుంది. ఆ మౌనం ముందు నేను ఏం చెప్పాలో మీరే చెప్పండి.

ఎక్కువ వడ్డీకి ఆశపడ్డామని అంటారు. లాభనష్టాలు మావేనని ఒప్పుకుంటాను. నష్టమే వద్దని నేను అనడం లేదు. ఆ నష్టాన్ని ఎవరు, ఎలా పంచుతున్నారన్నదే నా ప్రశ్న. 2012లో గ్రీసు బాండ్ల ముఖ విలువలో 53.5 శాతం కోత పడింది. ఐరోపా కేంద్ర బ్యాంకు దగ్గరున్న బాండ్లను ముందే ఆ కోత నుంచి తప్పించారు. ఇంటి పొదుపు పెట్టిన చిన్నవారిని తప్పించలేదు. 1997లో ఫ్రాన్స్ 40 కోట్ల డాలర్లకు రష్యాతో ఒప్పందం చేసుకుని, జార్ చక్రవర్తుల కాలపు రష్యా బాండ్లున్న తన పౌరుల తరఫున ఇక అడగబోనని మాట ఇచ్చేసింది. సొంత ప్రభుత్వమే అడగనన్నాక ఆ కుటుంబాలు ఎవరి గడప తొక్కాలి?

వేరే దారి లేక ఇలా జరుగుతోందనుకోలేను. 1953లో పశ్చిమ జర్మనీ అప్పులను లండన్‌లో పరిష్కరించినప్పుడు ప్రభుత్వాల ప్రతినిధులతో పాటు ప్రైవేటు రుణదాతల ప్రతినిధులూ చర్చల్లో కూర్చున్నారు. జర్మనీకి పెద్ద ఊరటే దక్కింది. అయినా బాండ్లున్నవారిని గది బయట నిలబెట్టలేదు.

అయ్యా, మమ్మల్ని పిలవండి. మీరు ఒప్పుకున్న షరతులు మాకు చూపించండి. మా తరఫున ఒక్కరినైనా కూర్చోనివ్వండి. ఇంతకుముందు మూడుసార్లు అడిగింది కూడా ఇదే. ఈసారి జవాబులో ఆ పాత వాక్యం మాత్రం రాయించకండి. తదుపరి చర్చలు ఏ రోజో తెలియజేయండి, నా కాగితాలు పట్టుకుని నేనే వస్తాను.

భవదీయుడు,
ఒక చిన్న మదుపరి