ఉగాదికి తోలుబొమ్మలాటకు ఒక రాత్రి కేటాయించండి: శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టరు గారికి నమస్కారములు.

ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం ముగిశాక, ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులకు పూర్తి ఆట ఆడే అవకాశం కల్పించవలసిందిగా కోరుతున్నాను. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చాక ఆ ఊరి పేరు దేశమంతా వినబడింది గాని, అక్కడి చేతులకు నేడు ఎక్కువగా దొరికేది తోలుతో లాంపుషేడ్లు చేసే పనే (అది తక్కువ పనని నా ఉద్దేశం కాదు). పలుచగా గీకిన మేకతోలు మీది రంగులు, తెల్లటి తెర వెనక దీపం వెలిగితేనే పలుకుతాయి కనుక, ఫ్లడ్‌లైట్ల వేదిక మీద పావుగంట ప్రదర్శన వారికి న్యాయం చేయదు. రామాయణ పద్యాల నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేదాకా ఆట సాగాలంటే చీకటి మైదానం కావాలి, వాద్యగాళ్లతో సహా బృందమంతటికీ పారితోషికం ముందుగానే ఖరారు కావాలి. నిధులు చాలకపోతే శాలువాలు, ఫ్లెక్సీల ఖర్చు తగ్గించుకోవచ్చు.

భవదీయుడు,
ఒక జిల్లావాసి