పెయింట్ సంగతి ఆఖర్న చూద్దాం చిన్నూ

చిన్నూ,

ఫియట్ కొన్నానని నిన్న ఫోన్లో నువ్వు నసుగుతూ చెప్తుంటే నాకెంత సంతోషం వేసిందో నీకు తెలీదు నాన్నా. ఆటోనగర్‌లో ఈ కౌంటర్ మీద కూర్చుని ఇన్నేళ్లుగా ఫియట్ సామాను, అంబాసిడర్ సామాను, లారీ సామాను అమ్ముతున్నదాన్ని, నా కొడుకు పాత బండి కొన్నాడంటే తిడతానా? ఫోన్లో అన్నీ చెప్పడం కుదరదు, మధ్యలో గిరాకీ వస్తూనే ఉంటది, అందుకే షాపు కట్టేశాక కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ఫోటోలన్నీ చూశాను. నీ మెసేజుల నిండా పెయింట్ గోలే, పాత క్రీమ్ కలరే ఉంచాలా మెరూన్ వేయించాలా అని. పెయింట్ ఆఖరి పని రా. ముందు ఒక చిన్న అయస్కాంతం తీసుకుని పల్చటి గుడ్డలో చుట్టి డోర్ల కింద అంచులు, మడ్ గార్డుల వెనక భాగం, డిక్కీలో స్టెప్నీ పెట్టే చోటు, బ్యాటరీ కింద ట్రే, ఇవన్నీ మెల్లగా జరుపుకుంటూ చూడు. రేకు ఉన్నచోట టక్కున అతుక్కుద్ది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోద్ది. జారిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీసి ఫోటో తియ్యి. ఆ లప్పం కింద చాలాసార్లు తుప్పే ఉంటది, ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించాలి, అలా కాకుండా దాని మీదే మళ్లీ లప్పం రుద్ది రంగు కొట్టిస్తే వానాకాలం వచ్చేసరికి బుడగలు లేస్తాయి, ఎంత ఖరీదైన పెయింటైనా అంతే. కాళ్ల దగ్గర మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ కూడా చూడు. టింకరింగ్ మేస్త్రీ పక్కనే నిలబడి పని చేయించు, ఆదివారాలు నీకు ఖాళీయేగా.

ఇంక బ్రేకులు. ఇంజన్ స్టార్ట్ అవ్వక ముందే బ్రేకుల పని అయిపోవాలి, ఇందులో నేను నీ మాట వినను. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే దానికి. డ్రమ్ము విప్పగానే లోపల వీల్ సిలిండర్, అంటే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో బ్రేకుని నెట్టేది, దాని చుట్టూ తడిగా ఉందేమో చూడు, ఆ తర్వాత సిలిండర్ విప్పి లోపల గోడ మీద గోరు పెట్టి గీకు, గోరుకి గుంటలు తగిలాయంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పు కొత్తది వేసినా కారుద్ది, సిలిండరే మార్చాలి. కప్పులు కొనేటప్పుడు డబ్బా మీద పేరు చూసి మోసపోకు. నేనైతే కప్పు చేతిలోకి తీసుకుని అంచుని వేలితో వెనక్కి వంచుతా, మెత్తగా వంగి వెంటనే మామూలుగా అయితే మంచిది, వంగిన చోట సన్నగా తెల్ల గీతలొస్తే అది షెల్ఫులో ఎండిపోయిన పాత స్టాకు, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. డ్రమ్ముకి రాసుకునే లైనర్లు ఒక పక్కే మార్చొద్దు, బ్రేక్ కొడితే బండి పక్కకి లాగేస్తది. బ్రేక్ ఆయిల్ రంగు మీద పడితే పెయింట్ లేచిపోద్ది, వెంటనే నీళ్లు పోసి కడిగెయ్యి. పెయింట్ ఆఖర్న అని అంటున్నది ఇందుకు కూడా.

షెడ్డులో చాలా ఏళ్లు పడుందన్నావు కదా, నలుగురితో తోయించి స్టార్ట్ చేద్దామని మాత్రం అనుకోకు. ప్లగ్గులు నాలుగూ విప్పి ఒక్కో రంధ్రంలో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేసి, ఆ తర్వాత ఇంజన్ ముందుండే క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ పెట్టి చేత్తోనే తిప్పు. మెల్లగా తిరిగిందా, సంతోషం. తిరక్కపోతే బలం పెట్టకుండా నాకు ఫోన్ చెయ్యి. పెట్రోల్ ట్యాంక్ దించి కడిగించు, రబ్బరు పైపులన్నీ కొత్తవి వెయ్యి, అవి కూడా ఇథనాల్ తట్టుకునే రకం అడిగి తీసుకో. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటది, ఆ రోజుల్లో చేసిన రబ్బరు దానికి తట్టుకోదు, పైగా అది తేమని లాక్కుంటది కాబట్టి బండి నెలల తరబడి కదలకపోతే ట్యాంకులో మళ్లీ తుప్పు. వారానికోసారైనా బండి బయటికి తీస్తూ ఉండు. వైరింగ్ మొత్తం కొత్తది వేయించెయ్, దాని గురించి ఆలోచించేదే లేదు.

మీ ఫ్రెండు మారుతి ఇంజన్ వేయించి ఏసీ పెట్టించమన్నాడని రాశావు. వద్దు నాన్నా. ఆ 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన ఉండే ఆ గేర్ రాడ్డు, ముందు ఆ బెంచీ సీటు, ఇవి తీసేస్తే ఇంక ఫియట్ ఏం మిగిలింది? సామాను దొరకదని వాళ్లంటారు కానీ దొరుకుద్ది రా. 1964 నుంచి దాదాపు అదే బండి పేర్లు మార్చుకుంటూ వచ్చింది, ముందు ఫియట్ డిలైట్, తర్వాత నీ ఆర్సీలో ఉన్న ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని, జనం మాత్రం అన్నిటినీ ఫియట్ అనే పిలిచారు. బొంబాయిలో అవి టాక్సీలుగా 2023 అక్టోబర్ దాకా తిరిగాయి, అందుకే ఇంజన్ సామానుకి ఇప్పటికీ లోటు లేదు. దొరకడం కష్టమయ్యేది క్రోము బీడింగు, లైటు గ్లాసులు, డోరు హ్యాండిళ్లు లాంటివి, కాబట్టి బండి మీద నుంచి విప్పిన ఏ ముక్కా, విరిగిందైనా సరే, పారెయ్యొద్దు. విప్పిన బోల్టులు ఏ పార్టువి ఆ కవర్లో వేసి పేరు రాసి పెట్టు.

ఇంకో కారణం కూడా ఉంది. 2021లో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుద్ది, నెంబర్లో వీఏ అని వస్తది. నీది 1973 బండి, వయసు సరిపోయింది, ఇంజన్ మార్చావంటే ఆ దారి మూసుకుపోయినట్టే. కానీ తొందరపడి ఆ నెంబర్ కూడా తీసుకోకు. అది తీసుకున్నాక ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోల్ కొట్టించడానికి, రిపేరుకి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. నువ్వు ఆదివారం పొద్దున్నే దాని మీద తిరగాలనుకుంటున్నావు, నాకూ ఎక్కాలనుంది, అందుకని ఫిట్‌నెస్ చేయించి మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకో, ముందు చాసిస్ నెంబరూ ఇంజన్ నెంబరూ ఆర్సీతో సరిపోయాయో లేదో టార్చి వేసి నీ కళ్లతో చూసుకో.

డబ్బు సంగతి, అప్పు చెయ్యకు. జీతంలో నెలనెలా మిగిలిందే పెట్టు, రెండేళ్లు పట్టినా పట్టనీ, షెడ్డులో అన్నేళ్లు ఉన్న బండికి ఇంకో రెండేళ్లు లెక్కకాదు.

కార్బరేటర్ కిట్టు, ఇగ్నిషన్‌కి పాయింట్ సెట్టు, కండెన్సర్ ఒక డబ్బాలో పెట్టి నీ పేరు రాశాను, గురువారం పార్శిల్ ఆఫీసులో వేస్తా. ఈ వారం డ్రమ్ములు విప్పు, వీల్ సిలిండర్లన్నిటి మీదా ఉన్న అంకెలు శుభ్రంగా తుడిచి దగ్గర నుంచి ఫోటోలు తీసి పంపు, వాటిని బట్టి కప్పులు నేనే వంచి చూసి, లైనర్లతో కలిపి పంపిస్తా. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకు, స్టాండ్లు పెట్టు.

అమ్మ