ఓడిపోయిన రాత్రి నువ్వన్న మాట గురించి

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. "మన వామపక్ష క్యాండిడేట్‌కి డిపాజిట్ కూడా దక్కలేదమ్మా" అన్నావు, దానికి నేను బాధపడ్డాను గానీ కంగారు పడలేదు, ఎందుకంటే ఆ మాట నేను నీ వయసులో చాలాసార్లు విన్నా. నన్ను పట్టుకుని పీడిస్తున్నది నువ్వు ఆ తర్వాత అన్న మాట. "ఇంక ఈ ఓట్ల గోల నాకొద్దు, నేను ఉద్యమంలోనే ఉంటా, వచ్చేసారి ఓటే వెయ్యను, తప్పకపోతే నోటా నొక్కేసి వస్తా" అన్నావు చూడు, అది. ఫోన్లో జవాబు చెప్పబోతే నా గొంతు పెద్దదైపోతుంది, నీకు ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నా. నిదానంగా చదువు, కోపమొస్తే పక్కన పెట్టి మళ్ళీ చదువు.

నలభై రోజులు నువ్వు ప్రచారంలో ఎలా తిరిగావో నాకు తెలుసు. గొంతు పోయి సైగలతో మాట్లాడిన వీడియో కాల్, అరికాలు బొబ్బ, కరపత్రాలు తీసుకుని నీ కళ్ళముందే నలిపి పారేసినవాళ్ళు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, అది రూలు, కానీ ఆ ఆరో వంతు నీ నలభై రోజుల్ని కొలిచే తూకం కాదమ్మా. 1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకి దాదాపు 31 శాతం ఓట్లొచ్చాయి, 196 సీట్లలో గెలిచింది 15. గవర్నమెంటు మనదే అనుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా కుప్పకూలారు. అయినా వాళ్ళ నాయకుడు సుందరయ్య గారు ఆ పదిహేను మందితోనే అసెంబ్లీలో ప్రతిపక్షంలో కూర్చున్నారు. అలా అని ఓటమి గొప్పదని నేను అనను, ఓటమి ఓటమే, కడుపులో మంటగానే ఉంటుంది.

నోటా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. పైవాళ్ళెవరూ వద్దు అని నొక్కే ఆ బటన్ 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. దానికే అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా దాని తర్వాతి స్థానంలో ఉన్న మనిషి గెలిచినట్టే. కోపం చూపించుకోడానికి పనికొస్తుందేమో, నువ్వు నలభై రోజులు గుమ్మాల ముందు నిలబడి చెప్పిన విషయాలకి మాత్రం అది జవాబు కాదు.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. నీకెప్పుడూ చెప్పలేదు, మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

2004 ఎన్నికలకి నేను బూత్‌లో మన పార్టీ తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నా. అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకేసారి, బూత్‌లో రెండు మెషీన్లు. అప్పటికి నాకు ఓటు హక్కొచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు, ఒళ్ళో ఓటరు లిస్టు, చేతిలో స్కేలు, పెన్సిలు, పేరు చదవగానే గీత కొట్టడం, అదే పని. మేముండేది ఆ బూత్‌కి రెండు వీధుల అవతలే, అయినా ఆ గల్లీ వాళ్ళలో ఒక్క మొహం కూడా నాకు తెలీదు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తా. పొద్దున్న బాగా రద్దీగా ఉన్నప్పుడు ఒక పెద్దావిడ పేరు చదివారు, ఎవరో ఓటేసి వెళ్ళిపోయారు, నేను గీత కొట్టేశా. మధ్యాహ్నం దాటాక ఒక అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది, స్లిప్ ఇచ్చింది, చూస్తే అదే పేరు, అదే నంబరు. "నీ ఓటు అయిపోయిందమ్మా" అన్నాడు ఆఫీసరు. ఆమె తన ఎడమచేతి వేలు ఎత్తి చూపించింది, సిరా లేదు. "నా వేలు చూడు సారూ, నేనిక్కడుండగా నా ఓటు ఎవరేశారు?" అంది, అరవలేదు కూడా, మామూలుగా అడిగినట్టే అడిగింది. లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు చేతులు చల్లబడిపోయాయి, ఎందుకంటే ఆ దొంగ ఓటు నా కళ్ళముందు పడింది, వేసిన మనిషి నా ముందు నుంచే నడిచి వెళ్ళింది, నేను గీత కొట్టి ఊరుకున్నా.

ఒకరి ఓటు ఇంకెవరో వేసేస్తే అసలు మనిషికి టెండర్ ఓటు అని విడిగా ఇవ్వాలని ట్రైనింగులో చెప్పింది గుర్తొచ్చి "సార్, టెండర్ ఓటు ఇవ్వాలి కదా" అన్నా. ఆయన మంచాయనే, పుస్తకం తీసి చూసుకుని ఇచ్చారు. మెషీన్ కాదు, కాగితం బ్యాలెట్లు, పాతకాలం లాగా, రెండిటికీ రెండు. అవ్వ అట్ట అడ్డం దగ్గరికెళ్ళి చాలాసేపు ఉంది. ముద్ర వేసి, ఆ తడి మీద నోటితో ఊదుతోంది, ఒకసారి, రెండుసార్లు, ఆరాక పొడుగ్గా మడత పెట్టింది, సిరా పక్క గుర్తుకి అంటుకోకుండా. ఇన్నేళ్ళూ ఓటేసి నేర్చుకున్న మడత అది. తెచ్చి ఇస్తే ఆఫీసరు వాటిని డబ్బాలో వెయ్యలేదు, కవర్లో పెట్టారు. రూలు అదే, టెండర్ ఓట్లు మామూలు లెక్కింపులో కలపరు, ఎప్పుడైనా కోర్టు అడిగితే తీస్తారు. అవ్వకి అనుమానమొచ్చి నా వైపు తిరిగి "ఇది లెక్కలోకొస్తుందా అమ్మాయ్?" అంది. నేను "వస్తుందవ్వా" అన్నా.

అబద్ధం చెప్పా బుజ్జీ. ఆ మాట నాలుగు రోజులు నన్ను తిననివ్వలేదు. ఐదో రోజు లిస్టులో డోర్ నంబరు చూసుకుని వాళ్ళింటికెళ్ళా, తప్పయిపోయింది, అది లెక్కలోకి రాదు అని చెప్పా. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఆ సారు కవరు మూసేటప్పుడు మొహం చూస్తేనే తెలిసింది లే" అంది, అని "నువ్వొచ్చావు కదా, మా గల్లీలో నీళ్ళ సంగతి చూడు ముందు" అంది. అంతే. ఓటు గురించి ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, నేనే ఎత్తుకుని తిరుగుతున్నా ఇన్నేళ్ళుగా.

అప్పట్నుంచి ఆ గల్లీకి వెళ్ళడం మొదలుపెట్టా. మొదట్లో నెలకోసారి, తర్వాత వారానికోసారి. పైపులైను వేశామని ఆఫీసు కాగితాల్లో ఉంది, గల్లీలో పైపు లేదు, తిరిగాం, కూర్చున్నాం, అరిచాం, రేపు రండి అన్నారు, ఏడాదిన్నర గడిచిపోయింది. 2005 అక్టోబరులో సమాచార హక్కు చట్టం అమల్లోకొచ్చింది కదా, ముప్పై రోజుల్లో జవాబివ్వాలని అందులో ఉందని తెలిసి అప్లికేషన్ పెడదామనుకున్నాం, తెల్ల కార్డున్నవాళ్ళకి ఫీజు లేదు కాబట్టి అవ్వ పేరు మీదే పెట్టాం. వేలిముద్ర వేసింది, వేసి దాని మీద కూడా ఊదింది. ఈసారి జవాబు వచ్చింది. ఆ పైపులైను బిల్లు కాపీ, తేదీలతో సహా. ఆ కాపీ పట్టుకుని ఆడవాళ్ళంతా ఆఫీసుకెళ్తే ఎవరూ రేపు రండి అనలేదు.

నువ్వు ఉద్యమం చాలు, ఓటెందుకు అన్నప్పుడు నాకు ఆ అప్లికేషనే కళ్ళముందు మెదిలింది. ఆ చట్టం ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు 1990ల్లో ఊరూరా జనం మధ్య కూర్చుని కూలీల మస్టర్ రోల్స్, అంటే హాజరు పట్టీలు, గట్టిగా చదివించారు, చచ్చిపోయినవాళ్ళ పేర్ల మీద కూలి డబ్బులు లాగేసిన సంగతి అక్కడే బయటపడింది, పదేళ్ళకి పైగా కొట్లాడారు. అది ఉద్యమమే, నీ మాట కరెక్టే. కానీ అది దేశమంతటికీ గట్టి చట్టమయ్యింది ఎప్పుడంటే 2004 ఎన్నికల తర్వాత. సీపీఎంకి 43 మంది, మిగతా వామపక్షాలతో కలిపితే అరవై దగ్గర ఎంపీలు, బయట నుంచి మద్దతిచ్చిన గవర్నమెంటు, ఉపాధి హామీ చట్టం కూడా 2005లోనే. అంటే అవ్వ ఓటు కవర్లో మూసేసిన ఆ ఎన్నికల్లోనే, ఎక్కడెక్కడో వేసిన ఓట్లతో వచ్చిన చట్టం పట్టుకుని అవ్వ గల్లీకి నీళ్ళొచ్చాయి. ఇందులో ఓటు ఎంత, పోరాటం ఎంత అని నేను విడదియ్యలేను, నువ్వు తీయగలిగితే తీసి చూపించు.

ఆ 2004 ఎన్నికలకి నాలుగేళ్ళ ముందు కరెంటు చార్జీల పెంపు మీద ఉద్యమం నా చదువుకునే రోజుల్లోదే. 2000 ఆగస్టు 28న చలో అసెంబ్లీ, బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పులు, కుర్రాళ్ళ ప్రాణాలు పోయాయి. నేను ఆ రోజు అక్కడ లేను, జ్వరమొచ్చి హాస్టల్లో పడుకున్నా, రాత్రి వార్త తెలిశాక మా గదిలో ఎవరం లైటు వేసుకోలేదు. అప్పుడు మాలో కొంతమంది అచ్చం నీలాగే అన్నారు, ఇంక ఓట్లేంటి, బూటకం అని. ఇంకొంతమంది లేదు, 2004 దాకా ప్రతి గుమ్మానికీ వెళ్ళి ఈ సంగతి చెప్తాం అన్నారు. నేను రెండో గుంపులో ఉన్నా. ఇప్పటికీ అది తప్పనిపించలేదు.

తెలంగాణ సాయుధ పోరాటం చేసినవాళ్ళ సంగతి నువ్వే నాకు క్లాసు పీకుతావు కదా, మరి 1951 అక్టోబరులో పోరాటం విరమించాక వాళ్ళేం చేశారు? కొద్ది నెలలకే ఎన్నికల్లో నిలబడ్డారు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్, అంటే పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్, పేరుతో నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. ఆ ఓట్లేసిన జనం వాళ్ళ గుర్తు చూసి వెయ్యలేదు, ఊళ్ళో వెట్టి ఆపించిన మనుషుల మొహాలు చూసి వేశారు. మన వాళ్ళు ఈ సంగతి మర్చిపోయారని నాకు కోపం. 2004లో అరవై దాకా ఉన్నవాళ్ళం 2024 లోక్‌సభలో సీపీఐ (ఎంఎల్) లిబరేషన్‌తో కలిపి ఎనిమిది మందిమి అయ్యాం, డబ్బులు, కులం, పొత్తులు, వంద కారణాలు చెప్తారు మీటింగుల్లో, అవన్నీ నిజమే, కానీ మనం గుమ్మాల దగ్గరికెళ్ళడం మానేశాం అన్న మాట మాత్రం ఎవరూ గట్టిగా అనరు. నీ కోపంలో ఆ భాగం న్యాయమైనది, దాన్ని దాచుకోకు, మీ కమిటీలోనే చెప్పు.

2009లో మళ్ళీ అదే బూత్‌లో కూర్చున్నా. అవ్వ అప్పటికి లేదు, ఏడాది ముందే పోయింది. లిస్టులో పేరు మాత్రం అలాగే ఉంది, ఫారం 7 పెట్టి తీయించాల్సింది నేనే, చేతులు రాక వదిలేశా, తప్పే. పది గంటలప్పుడు ఒకావిడ వచ్చి ఆ స్లిప్ ఇచ్చింది. పేరు చదివారు. నేను లేచి నిలబడ్డా. "సార్, ఛాలెంజ్ చేస్తున్నా, ఈ అవ్వ చనిపోయింది, నేనే వెళ్ళొచ్చా దహనానికి" అన్నా. ఛాలెంజ్ ఓటుకి రెండు రూపాయలు కట్టాలి, నా దగ్గర చిల్లర లేక పక్క పార్టీ ఏజెంటు ఇచ్చాడు, అతనిదీ ఆ గల్లీయే, అతనికీ అవ్వ తెలుసు. ఆఫీసరు పేరు, ఇంటి పేరు అడిగేసరికి ఆవిడ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఆపగలిగింది చట్టం బాగా తెలిసి కాదు బుజ్జీ, చట్టం నాకు 2004లో కూడా తెలుసు. తెలియంది మొహం.

అందుకే నువ్వు ఓటొద్దు ఉద్యమం చాలన్నా, ఉద్యమమొద్దు ఓటు చాలన్నా నాకు ఒకేలా వినిపిస్తుంది. ఆ 2009 ఎన్నికల్లో కూడా మన క్యాండిడేట్ ఓడిపోయాడు, అది కూడా చెప్పాలి కదా.

ఇప్పుడు పనులు. నీ ఓటు ఇంకా ఇక్కడే ఉంది, నువ్వుండేది అక్కడ, ఫారం 8 పెట్టి మార్పించుకో, ఆన్‌లైన్లో అయిపోతుంది. నీ జూనియర్లలో పద్దెనిమిది నిండబోతున్నవాళ్ళు జనవరి దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి, ఫారం 6 పెట్టించు. పద్దెనిమిదికే ఓటన్నది కూడా 1989లో వచ్చిందే, అంతకుముందు ఇరవై ఒకటి. మీరు తిరిగిన కాలనీ ఓటరు లిస్టు పారెయ్యకండి, మీ పెన్సిలు గుర్తులతో సహా దాచండి. వచ్చేసారి నువ్వే బూత్‌లో కూర్చో, పోలింగ్ అయిపోయాక బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిచ్చే ఫారం 17సీ కాపీ తీసుకోకుండా బయటికి రాకు.

ఇంకొకటి. ప్రచారంలో నాలుగో రోజో ఐదో రోజో ఒకావిడ తలుపు సగమే తీసి "ఓట్లప్పుడే కనబడతారు మీరంతా" అని మొహం మీదే వేసేసిందని ఏడ్చావు నా దగ్గర. ఆ ఇల్లు నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఓట్లయిపోయాయి, ఓడిపోయాం కూడా, జెండా లేకుండా కరపత్రం లేకుండా ఈ ఆదివారం వెళ్ళి ఆ తలుపు కొట్టు. ఏం మాట్లాడాలో తెలీకపోతే నీళ్ళు వస్తున్నాయా అని అడుగు. రాత్రికి ఫోన్ చెయ్యి, నేను మెలకువగానే ఉంటా.

మీ అమ్మ