నాలుగో మైకు

ఎడిసన్, న్యూజెర్సీ
ఆదివారం రాత్రి

చిన్నోడా,

ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను. జనవరిలో ఇక్కడ దిగగానే రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఏదో ఒక చిన్న క్లబ్బులో హఠాత్తుగా ప్రత్యక్షమైతే చూడాలని ఉందన్నావు కదా, అది ఫోన్లో తెమిలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. అమ్మకీ నాన్నకీ రైలు సంగతీ, చలి కోటు సంగతీ చదివి వినిపించు. మిగతాదంతా నీకూ, మీ బ్యాండులో కుర్రాళ్లకీ.

టికెట్టు కొని స్టేడియంలో చూసే కచేరీ వేరు. నువ్వడిగింది ఎవరిదో చిన్న బ్యాండు కచేరీకి వెళ్లి కూర్చుంటే, చివర్లో పక్క తలుపులోంచి ఆయన గిటారు తగిలించుకుని వచ్చేయడం. ఆ ఆశ్చర్యం మనకే గాని స్టేజీకి కాదురా. మనం చూసేసరికే అక్కడ ఆయనకి మైకు, ఆంప్ (గిటారు శబ్దం పెంచే పెట్టె), శ్రుతి చేసిన గిటారు, పాటల వరస అన్నీ సిద్ధంగా ఉంటాయి. అది ఎలా సిద్ధమవుతుందో తెలిస్తే నీకు చూడటమూ వస్తుంది, మీ స్టేజీ మీద పెద్దవాళ్లెవరైనా ఎక్కితే తడబడకుండా వాయించడమూ వస్తుంది.

ఇదంతా జరిగే ఊరి పేరు ఆస్‌బరీ పార్క్. అట్లాంటిక్ ఒడ్డున చిన్న ఊరు. ఆయన పుట్టింది దగ్గర్లోని లాంగ్ బ్రాంచ్‌లో, 1949లో. పెరిగింది ఫ్రీహోల్డ్‌లో. 1973లో వచ్చిన ఆయన మొదటి ఆల్బం పేరులోనే ఈ ఊరుంది. స్టోన్ పోనీ అనే క్లబ్బు ఓషన్ అవెన్యూ మీద, సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఆయన అక్కడ పాడి పాడి పైకొచ్చారని చాలామంది అనుకుంటారు గాని, లెక్క సరిపోదు. ఆ క్లబ్బు తెరిచింది 1974 ఫిబ్రవరిలో. అప్పటికే ఆయనవి రెండు ఆల్బములు బజార్లో ఉన్నాయి. అంటే మొదట్నుంచీ ఆయన అక్కడ అతిథే. పోస్టరు మీద పేరు లేకుండా వచ్చి, నాలుగు పాటలు పాడి వెళ్లడం అలా అలవాటైంది. 1984 జూన్ 8న అయితే కొత్త ఆల్బం విడుదలైన నాలుగు రోజులకి, టూరు మొదలు కావడానికి మూడు వారాల ముందు, ఏ ప్రకటనా లేకుండా బ్యాండు మొత్తంతో వచ్చి వాయించారు. గిటారు వాయించే నిల్స్ లాఫ్‌గ్రెన్ ఆ బ్యాండుతో జనం ముందుకి రావడం అదే మొదలు.

రహస్యంగా ఎందుకంటే, లోపలి హాల్లో పట్టేది దాదాపు 850 మంది. పేరు బయటపడితే వేలమంది వచ్చి వీధి మూసుకుపోతుంది, టికెట్టు కొన్న అసలు ప్రేక్షకులు తలుపు దాకా రాలేరు. అందుకని తెలిసినవాళ్లు నోరు విప్పరు. తలుపు దగ్గర కుర్రాణ్ణి "ఈరోజు వస్తారా" అని అడగొద్దు. ఆయన ఉండే ఇల్లు ఎక్కడో వెతుక్కుంటూ వెళ్లే పని అసలే వద్దు.

మరి ఏ కచేరీకి వెళ్లాలి? పోస్టరు మీద ఉన్నవాళ్లని బట్టి. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చే జో గ్రుషెకీ బ్యాండుతో ఆయన స్నేహం పాతది. 1995లో వాళ్ల ఆల్బం పనిలో ఉండి, ఆ బ్యాండులో గిటారు వాయిస్తూ కొన్ని ఊళ్లు కూడా తిరిగారు. పాటగాడు విల్లీ నైల్ ఇంకొకరు. జనవరిలో లైట్ ఆఫ్ డే అనే ఉత్సవం జరుగుతుంది, పార్కిన్సన్ జబ్బు కోసం నిధులు పోగుచేయడానికి. 2000లో మొదలైంది. పెద్ద కచేరీ చాలా ఏళ్లు అక్కడి పారమౌంట్ థియేటర్లో జరిగింది. వేదిక మారుతుంటుంది కాబట్టి ఆ ఏటి జాబితా చూసే కొను. ఆయన పేరు ఆ జాబితాలో వేయరు. చాలాసార్లు వచ్చారు, రాని ఏళ్లూ ఉన్నాయి. కాబట్టి ఒక్కటే లెక్క పెట్టుకో: పోస్టరు మీద ఉన్న బ్యాండు నీకు నచ్చితేనే టికెట్టు కొను. ఆయన రాకపోయినా ఆ రాత్రికి పెట్టిన డబ్బు గిట్టుబాటు కావాలి. గ్రుషెకీని వినకుండా గడియారం చూస్తూ నిలబడేవాళ్లంటే నాకు బాధ. ఇన్నేళ్లుగా ఆయన్ని ఆ స్టేజీ ఎక్కిస్తున్నది ఆ బ్యాండే కదా.

ఇక స్టేజీ సంగతి. ముగ్గురు పాడే బ్యాండుకి నాలుగు మైకులు పెట్టి ఉంటే ఆ నాలుగోదాన్ని కనిపెట్టు. వెనక ఎవరూ తాకని ఆంప్ ఒకటి ఎర్ర దీపంతో వెలుగుతూ ఉంటుంది. ట్యూబులు వేడెక్కడానికి నిమిషమైనా పడుతుంది కాబట్టి ముందే ఆన్ చేసి స్టాండ్‌బైలో ఉంచుతారు. దాని స్పీకరు ముందు ఎస్ఎం57 లాంటి మైకు ముందే బిగించి ఉంటుంది. మిక్సర్ (అన్ని మైకుల శబ్దాన్నీ కలిపి సరిచేసే బల్ల) మీద ఆ రెండు చానళ్లకీ టేపు ముక్క అంటించి పేరు రాసుకుని, మ్యూట్‌లో ఉంచుతారు. అయితే ఇవి కనిపించగానే ఎగిరి గంతేయకు. నాలుగో మైకు ఒక్కోసారి పాడైనదానికి బదులుగా పెట్టిందే అవుతుంది. ఆంప్ తర్వాతి బ్యాండుదీ కావచ్చు.

పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. సౌండ్ చెక్‌కి రాని మనిషి గొంతు ఎంత జోరో ఇంజినీరుకి తెలియదు. గెయిన్ (మైకు శబ్దాన్ని మిక్సర్ ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే మీట) మిగతావాళ్లకి పెట్టినంతే పెడితే, మొదటి చరణంలోనే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. అందుకని అతిథి చానల్ గెయిన్ 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించి పెట్టుకుని, పాట మొదలయ్యాక ఫేడర్‌తో పైకి తెచ్చుకోవాలి. రెండోది కూత. ఉత్సాహంలో మైకు తలని గుప్పిట మూస్తారు చూడు, ఎస్ఎం58 లాంటి మైకుకి తల వెనక భాగంలో గాలి దారులుంటాయి. అవి ఉన్నందుకే వెనకనుంచి వచ్చే శబ్దాన్ని అది పట్టదు. చెయ్యి అడ్డం పెడితే నాలుగు వైపులా పట్టడం మొదలుపెడుతుంది, కింద మానిటర్ (పాడేవాళ్లకి తమ గొంతు వినిపించే స్పీకరు) శబ్దం మళ్లీ దాంట్లోకే వెళ్లి కూత పెడుతుంది. మీ బ్యాండులో పాడేవాడికి ఈ అలవాటుంది. చెయ్యి కిందకి దించమను, మానిటర్ సరిగ్గా మైకు వెనక్కి ఉండేలా జరుపు.

శ్రుతి ఇంకా పెద్ద చిక్కు. చాలా రాక్ బ్యాండులు గొంతుకి సుఖంగా ఉంటుందని తీగలన్నీ అర స్వరం దింపుకుంటాయి. వాళ్లు 'ఏ' (A) కార్డు, అంటే కలిపి మీటే స్వరాల గుత్తి, పట్టినా మోగేది 'ఏ ఫ్లాట్'. మన నాటకాల హార్మోనియం లెక్కలో ఆరుకి బదులు ఐదున్నర. మామూలు శ్రుతిలో గిటారు తెచ్చిన అతిథి 'ఏ' పట్టుకుంటే రెండూ కొట్టుకుంటాయి. ఇంకో గిటారు దింపి సిద్ధంగా ఉంచడం ఒక దారి. అది లేకపోతే, మొదటి మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమి పట్టే క్లిప్పు) బిగించి జీ కార్డు ఆకారాలు వాయిస్తే ఏ ఫ్లాట్ వచ్చేస్తుంది. వాళ్లు 'ఈ' (E) పట్టే పాటకైతే అదే కాపోతో డీ ఆకారాలు. ఈ రెండూ చేతికి అలవాటు చేసుకో.

పాటల ఎంపిక చూస్తే నీకు మన భజన మేళం గుర్తుకొస్తుంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాడు కూడా రెండో వరసకి అందుకోగలిగినవే ఎంచుతారు. అంటే పాత రాక్ అండ్ రోల్, పన్నెండు బార్ల (తాళం ఆవర్తాల) వరస. 'ఏ' శ్రుతిలో అయితే నాలుగు బార్లు 'ఏ', రెండు 'డీ', రెండు 'ఏ', ఒకటి 'ఈ', ఒకటి 'డీ', చివర రెండు 'ఏ'. శ్రుతి చెప్పడానికి ఆ హోరులో మాట వినపడదు గనక వేళ్లు చూపిస్తారు. పైకి ఒక వేలంటే జీ, రెండంటే డీ, మూడంటే ఏ, నాలుగంటే ఈ. కిందకి ఒకటంటే ఎఫ్, రెండంటే బీ ఫ్లాట్. బూరలు వాయించేవాళ్లున్న బ్యాండయితే 'ఈ' (E) శ్రుతి ఎత్తుకునే ముందు ఆలోచించాలి. మనకి అది తేలిక, టెనర్ శాక్సఫోన్‌కి మాత్రం ఆరు షార్పులు (అర స్వరం పెంచి వాయించాల్సిన స్వరాలు) ఉన్న ఎఫ్ షార్ప్ అవుతుంది. 'ఏ' ఎత్తుకుంటే ఒక షార్పు తగ్గి వాళ్లకి కాస్త ఊపిరాడుతుంది.

ఎత్తుకోవడం కంటే ముగించడం కష్టం. రిహార్సల్ లేని పాట ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు. అందుకే ఆయన గిటారు మెడ పైకెత్తి, డ్రమ్స్ వైపు తిరిగి, ఒక్కసారిగా కిందకి దించడం చూస్తావు. అది చూసేవాళ్ల కోసం చేసే హంగు కాదు, అక్కడ ఆపమని. డ్రమ్మరు ఆ మెడ మీదనుంచి కళ్లు తిప్పడు. మీవాళ్లకి నేర్పాల్సింది ముందు ఇదే: పాట నడిపేవాణ్ణి చూడటం, తమ చేతుల్ని కాదు.

ఆయన పేరుపడ్డ పాత గిటారు టెలీకాస్టర్ అనే మోడల్ ఒళ్లూ ఎస్క్వయర్ అనే మోడల్ మెడా కలిపినది. 1970ల మొదట్లో 185 డాలర్లకి కొన్నానని ఆయనే చెబుతుంటారు. ఆ బాపతు పికప్పులు (తీగల కదలికని పట్టి ఆంప్‌కి పంపేవి) నియాన్ దీపాలు, లైటు డిమ్మర్ల దగ్గర గీ పెడతాయి. ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50, కాబట్టి గీ స్వరం కొంచెం తేడాగా వినిపిస్తుంది గాని కారణం ఒక్కటే. వాయించేవాడు నిలబడ్డచోటే పావు వంతు పక్కకి తిరిగితే చాలావరకు తగ్గుతుంది. అలా తిరిగి నిలబడ్డవాళ్లని చూసినప్పుడు కారణం నీకు తెలుస్తుంది.

హాల్లో ఎక్కడ నిలబడాలంటే, స్టేజీకి అతుక్కుని వద్దు. అక్కడ ఆంపులే వినిపిస్తాయి, గొంతు నీ తల మీదుగా పోతుంది. మిక్సర్ బల్లకి ఓ పది అడుగుల ముందు మంచి చోటు. జనం "బ్రూస్" అని సాగదీసి అరుస్తారు, దూరానికి అది ఛీకొట్టినట్టు వినిపిస్తుంది, కంగారు పడకు. చిన్న బ్యాండు పాడుతుండగా ఆ పేరు అరవకు. జనం ఎక్కువగా మోసపోయేది చివర్లో: ఆఖరి పాట అయిందనుకుని కోటు వేసుకుని బయటికొస్తారు, చాలా క్లబ్బుల్లో మళ్లీ లోపలికి రానివ్వరు. హాలు దీపాలు వెలిగి, స్పీకర్లలో రికార్డు పాట మొదలై, కుర్రాళ్లు కేబుళ్లు చుట్టడం మొదలుపెట్టాకే కచేరీ అయిపోయినట్టు. చీకటిగా ఉండి ఆంపుల దీపాలు వెలుగుతుంటే కదలొద్దు.

చెవులు జాగ్రత్త. అమెరికా ఆరోగ్య శాఖ వాళ్ల లెక్కలో 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, పెరిగే ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పావుగంట, రాక్ క్లబ్బులో అంత మోత మామూలే. నురగ ప్లగ్గు కొనుక్కుని, సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అర నిమిషం వేలితో అదిమి పట్టుకో. ఊరికే తోస్తే సగం బయటే ఉండిపోతుంది, పెట్టుకున్నా లాభం ఉండదు.

ఇది అమ్మా నాన్నకి. ఎడిసన్ నుంచి న్యూయార్క్ వైపు రైలెక్కి రావేలో దిగాలి, అక్కడ నార్త్ జెర్సీ కోస్ట్ లైన్ రైలు. అది చాలావరకు లాంగ్ బ్రాంచ్ దాకానే వెళుతుంది, ఆ తర్వాత కరెంటు తీగలు లేవు గనక డీజిల్ రైలు మారాలి. ఆస్‌బరీ పార్క్ స్టేషన్ నుంచి సముద్రం దాకా ఇరవై నిమిషాల నడక. కచేరీ అర్ధరాత్రి దాకా సాగితే తిరుగు రైలు దొరక్కపోవచ్చు, ఆఖరి రైలు వేళ ముందే చూసుకుని, కుదరకపోతే కారులోనే వెళ్లాలి. జనవరిలో సముద్రపు గాలి కోటులోంచి దూరుతుంది, లోపల మాత్రం ఉక్కపోత. లావుపాటి స్వెటరు ఒక్కటి కాకుండా పల్చటివి రెండు మూడు వేసుకుని, గాలి చొరని కోటు పైన వేసుకుంటే విప్పుకోవడానికి వీలు. టోపీ మర్చిపోకు. వయసు చూపించడానికి పాస్‌పోర్టు పట్టుకెళ్లాలి, మన డ్రైవింగ్ లైసెన్సుని ఒప్పుకోని చోట్లు చాలా ఉన్నాయి.

జవాబులో మీ బ్యాండు పాటల జాబితా, ఏది ఏ శ్రుతో రాసి పంపు. దింపిన తీగలతో వాయించేవి ఎన్నో గుర్తుపెట్టు, వాటికి కాపో ఎక్కడ పెట్టాలో పక్కన రాసి తిప్పి పంపుతాను.

ప్రేమతో,
అక్క